కొయ్యకాళ్ళ చేనులో

నార్తమ్‌కి ఇంకా పదకొండు మైళ్ళుందనగా
ఇంజను దగ్గింది.
గొంతు సవరించుకున్నట్టు ఒకసారి,
ఆ తర్వాత మాట లేదు.

నిజం చెప్పేస్తాను, తప్పు నాదే.
మే నెల పొద్దుటి తేమలో
కిందికి దిగుతూ పవర్ తగ్గించాను,
కార్బొరేటర్ వేడి మీట లాగడం మరిచాను.
దాని గొంతులో మంచు పేరుకుంది.
ఇప్పుడు లాగాను,
చల్లారిన పొయ్యి దగ్గర చేతులు కాచుకున్నట్టు.

ఎదురుగా ప్రొపెల్లర్ ఉత్తినే తిరుగుతోంది
కరెంటు పోయాక ఫ్యానులా.
బయట ఇంత గాలి చప్పుడుందని
ఇన్నాళ్ళూ నాకు తెలీదు.

బెవ్ హాలినన్ పెన్సిలుతో నా మోచెయ్యి పొడుస్తూ చెప్పేది:
"ముందు ఎగురు. తర్వాత చోటు వెతుకు.
నోరు ఆఖర్న విప్పు."
చేతులేమో చక్రాన్ని ఒళ్ళోకి లాక్కోమంటాయి,
నేలకి దూరంగా, ఇంకా దూరంగా.
అలా లాగినవాళ్ళే పడతారు.
ముక్కు దించాను
ముల్లు అరవై మీద నిలిచేదాకా.

పద్దెనిమిది వందల అడుగులు.
రెండున్నర నిమిషాలు.
సన్నమంట మీద పాలు పొంగడానికైనా చాలవు.

రోడ్డు ఉంది, దాని పొడుగునా తీగలున్నాయి.
ఎర్రగా దున్నిన చేను మెత్తన, ముందు చక్రం దిగబడుతుంది.
ఆ పక్కది గొర్రెలది.
చెరువు నీటి మీద ముడతలు చూశాను, గాలి పడమర నుంచి.
అదుగో, గోధుమ కోసేసిన కొయ్యకాళ్ళ చేను.
చాళ్ళ వెంట దిగాలి, అడ్డంగా కాదు.

పెట్రోలు తెరిచే ఉంది.
మాగ్నెటో ఎడమ. కుడి. రెండూ.
తాళం తిప్పాను. మళ్ళీ తిప్పాను.
చాలు, ఇంక దాన్ని బతిమాలను.

మేడే, మేడే, మేడే.
రేడియోలో కుర్రాడు నిదానంగా అడిగాడు,
విమానంలో ఎంతమంది?
"ఒక్కదాన్నే" అన్నాను.
మళ్ళీ చెప్పండి, అన్నాడు.
అప్పుడు తెలిసింది తెలుగులో అన్నానని.

పెట్రోలు కట్టేశాను. బెల్టు బిగించాను.
తలుపు గడియ తీసి సందులో స్వెట్టర్ చెయ్యి కుక్కాను,
రేకు వంగితే తలుపు బిగుసుకోకుండా.
కంచె
కింద నుంచి జారిపోయింది.

చేటలో కందులు చెరిగిన చప్పుడు.
పళ్ళు ఒకదానికొకటి తగిలాయి.
ఆగాక కూడా బ్రేకు తొక్కే ఉన్నాను చాలాసేపు.

నెవిల్ పాస్కో వచ్చాడు, వెనక కుక్క ఎక్కిన బండిలో.
విమానాన్ని చూశాడు, చక్రాల జాడ చూశాడు,
చివరికి నన్ను.
"గేటు వేసే వచ్చావా?"
నేను నిజంగానే వెనక్కి తిరిగి గేటు వైపు చూశాను.

ఫ్లాస్కు మూతలో టీ పోసిచ్చాడు.
చేతులు అప్పుడు మొదలెట్టాయి వణకడం,
ఇంతసేపూ ఎక్కడ దాక్కున్నాయో.
సగం టీ కొయ్యకాళ్ళ మీదే ఒలికింది.
ఏమీ అనకుండా ఇంకొంచెం పోశాడు.