దక్షిణం: డొంక

"లాయరుకిచ్చే మూడు వేలతో
అర ట్రాక్టరు ఇసకొస్తది గదన్నా"
అన్నాడు మేస్త్రీ ఖుద్దూసు.
నిజమే అనిపించింది.
ముగ్గు పోసేశాం.

మా పిచ్చమ్మే వినలా.

పొదిలి కోర్టు ఎదురుగా
జిరాక్సు మిషను వేడి కొట్టే గదిలో
లాయరమ్మ దస్తావేజు విప్పింది.
స్టాంపులు దాటి, సంతకాలు దాటి
ఒక్క మాట మీద వేలాపింది:
"దక్షిణం: డొంక.
ఆ డొంక ఇప్పుడెక్కడుంది?"

నవ్వొచ్చింది నాకు.
డొంకెక్కడికి పోద్ది,
కంపచెట్ల కిందేగా!

పొద్దుగూకేలోపు టేపు పట్టాం.
మా వంటిల్లు సగం డొంకలో ఉంది.
బర్రెలు నడిచే దారిలో
పొయ్యి పెట్టబోయాను.

ముగ్గు చెరిపి ఏడడుగులు జరిగాం.
ఖుద్దూసు తాపీ కడుక్కుంటా కడుక్కుంటా
నీళ్ళలోకే చూస్తా అడిగాడు:
"ఆమె రేపుంటదా అన్నా?
మా కాయితం గూడా ఒకటుంది..."