పద్నాలుగో ప్రశ్న

చీకటి పడ్డాక మీ వీధిలో ఒంటరిగా నడవడం
ఎంత భద్రంగా అనిపిస్తుంది?
చాలా. కొంత. అంతంతమాత్రం. బొత్తిగా లేదు.
నాలుగు గళ్ళు. ఒక్క టిక్కు చాలు.

ఫల్దీలా పిండి చేతులతోనే తలుపు తీసింది.
రేపు ఆదివారం.
కేప్ ఫ్లాట్స్‌లో ఆదివారమంటే పొద్దున్నే కూసిస్టర్లు:
సోంపూ యాలకులూ వేసి పిసికిన పిండి,
నూనెలో వేగి, పాకంలో మునిగి, పైన కొబ్బరి కోరు.

"ఏ చీకటి?" అంది.

ఏ చీకటేమిటి, చీకటే కదా.

"మగ్రిబ్ నమాజు అయ్యాక పడేది ఒకటి.
కరెంటు కోతప్పుడు పడేది ఇంకొకటి.
జీతాల శుక్రవారంది వేరు.
ఆగ్నేయపు గాలి లేచిన రాత్రి
రేకు చప్పుడేదో తూటా చప్పుడేదో తెలియదు చూడు,
అది అన్నిటికన్నా చిక్కన.
నీ కాగితంలో దేనికి గడి ఉంది?"

నా కాగితంలో లేదు.
నా దగ్గరున్నవి స్టేషన్‌వాళ్ళిచ్చిన అంకెలు.
కాకిలెక్కలు కావు, కింద సంతకముంది:
మూడు నెలల్లో దోపిడీలు తొమ్మిది శాతం తగ్గాయి.
చదివి వినిపించాను. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు.

"తగ్గవూ మరి!
ఎదురింటి మొగ్‌సీన్ ఫోను మూడుసార్లు పోయింది.
మొదటిసారి స్టేషన్‌కి వెళ్ళాడు.
రెండోసారి వెళితే రాసుకోడానికి పెన్ను లేదన్నారు.
మూడోసారి వెళ్ళలేదు.
ఆ ఒక్కటీ తగ్గిందిగా."

ఆవిడ లెక్క డజన్లలో ఉంటుంది.
వీధి నెమ్మదిగా ఉన్న వారం ఇరవై రెండు డజన్లు.
మైదానం అవతలి పిల్లలు కూడా గిన్నెలు పట్టుకొస్తారు.
ఏదైనా జరిగితే ఎనిమిది.
ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఒక్కటీ పోలేదు.
రెండొందల అరవై నాలుగూ
తాష్రీక్ వాళ్ళింటికి పంపేసింది.
చావింటికి వచ్చినవాళ్ళకి తినడానికి ఏదో ఒకటి ఉండాలి కదా.

"నా బకెట్టు మోసేవాడు. పదిహేడేళ్ళు.
ఏ గుంపువాడో నేనెప్పుడూ అడగలేదు.
ఏ వీధి దాటనంటాడో చూసి
నేనే తెలుసుకున్నాను."

గోడకి క్యాలెండరు. దాని అంచున తెల్లగా సబ్బు ముక్క,
ఏ కన్నాన్ని పూడ్చిందో అడగలేదు.
అది తొమ్మిదో ప్రశ్న, దాటిపోయాం.

"రాసుకో," అంది చివరికి, "బొత్తిగా లేదు."
టిక్కు పెట్టాను.

ఐదున్నరకే పొద్దు కొండ మీదికి వాలింది.
ఇక్కడినుంచి కనిపించేది కొండ వీపు.
పోస్ట్‌కార్డుల్లో ఉండే ముఖం అటువైపు వాళ్ళది.
ఫల్దీలా తలకి స్కార్ఫు చుట్టుకుని చెప్పులేసుకుంది.
"పద, టాక్సీ దాకా వస్తాను."
వద్దన్నాను.
"నువ్వెవరో వాళ్ళకి తెలియదు. నేనెవరో తెలుసు."

మూల మీద పిట్టగోడ. ముగ్గురు కుర్రాళ్ళు.
మాటలు ఆగిపోయాయి.
నేను గుండె అరచేత్తో పట్టుకుని
ఆవిడ చెప్పుల చప్పుడే లెక్కపెడుతున్నాను.
"ఒరే ఇగ్షాన్, మీ అమ్మకి బీపీ మాత్రలు తెచ్చావా?"
ఒకడు లేచి నిలబడ్డాడు, తల మీది ముసుగు తీసి.
"తెస్తా ఆంటీ."
పక్కవాడి చెయ్యి మాత్రం
జేబులోంచి బయటికి రాలేదు.

టాక్సీ కుర్రాడు తలుపుకి వేలాడుతూ
మౌబ్రే, మౌబ్రే అని అరుస్తున్నాడు.
ఎక్కాను. పదకొండు మంది మోకాళ్ళ మధ్య
ఫారం తెరిచి చూసుకున్నాను.

పదిహేనో ప్రశ్న:
ఆ భయం వల్ల మీరు
రాత్రిళ్ళు బయటికి వెళ్ళడం మానేశారా?

అడగడం మరిచిపోయాను.
తలెత్తి చూస్తే ఆవిడ అప్పటికే
రెండో స్తంభం దాటుతోంది,
బల్బు లేనిది.