రెండు రెబ్బలు

ఇరవై రెండేళ్లు
కొత్తపేట వెనక సందులో, రేకుల షెడ్డు కింద
పచ్చళ్లకి ఉప్పు కొలిచిన చెయ్యి ఇది.
తవ్వ, సోల, గిద్ద ఏదీ అక్కర్లేదు.
గుప్పెట్లోకి తీస్తే చాలు,
ఆవకాయకెంతో మాగాయకెంతో
వేళ్లకే తెలిసేది.

నిన్న ఆసుపత్రిలో జెస్సికా మేడమ్
ఈ చేతిలోనే ప్లాస్టిక్ చెంచా పెట్టింది,
పసిపిల్లలకి మందు పోసేది.
"నాంచారమ్మగారూ, రోజంతటికీ ఇంతే ఉప్పు."
ఇంతే అంటే
నేను గచ్చు మీద ఒలకబోసి
తొక్కుకుంటూ పోయినంత కూడా లేదు.

క్రియాటినిన్ నాలుగు పాయింట్ ఎనిమిదంట.
కాయకీ కారానికీ లెక్క తెలుసు నాకు,
ఈ లెక్క ఎప్పుడూ కలపలేదు.

గోంగూర వద్దు. టమాటా వద్దు.
చింతపండు కంట పడకూడదు.
బంగాళాదుంప ఉడకేసి, నీళ్లు పారబోసి,
మళ్లీ ఉడకేసి, మళ్లీ పారబోసి
మిగిలిందేదో తినాలి.
కాళ్ల వాపు తగ్గేదాకా నీళ్లు కొలిచి తాగాలి.
మే నెలలో, గుంటూర్లో, నీళ్లు కొలిచి!
అన్నిటికీ తలూపాను.
లేవబోతూ, సిగ్గు చంపుకుని అడిగాను:
"మరి ఎల్లుల్లి?"

కాగితం తిరగేసి చూసింది.
"కూరలో రెండు రెబ్బలు వేసుకోండి, ఏం కాదు.
మందనుకుని మింగకండి."

పక్కింటి సుబ్బాయమ్మ మాత్రం
పరగడుపున పది రెబ్బలు నూరి మింగమంది.
కిడ్నీలు చింతపండుతో తోమిన చెంబుల్లా అయిపోతాయంట,
వాళ్ల తోడికోడలి అన్నగారికి అయ్యాయంట.
ఆయనిప్పుడు ఎలా ఉన్నాడమ్మా అంటే
పాలు పొంగుతున్నాయని లేచెళ్లింది.

రాత్రి పొయ్యి ముందు కూర్చున్నాను.
గోతాలకు గోతాలు ఒలిచిన దాన్ని.
బస్సులో నా పక్కన కూర్చున్నావిడ
ముక్కు మూసుకుని ఇంకో సీటు చూసుకునేది.
ఆ వాసన వదిలించుకోడానికి
ఎన్ని సబ్బులు అరగదీశానో.

రెండంటే రెండు రెబ్బలు.
ఊదితే పొట్టు ఎగిరి దీపం వైపు పోయింది.
చితక్కొట్టి, చెంచాడు నూనెలో వేశాను.
పెద్ద బాండీలో లేచే గోల కాదు,
గోడ అవతల ఎవరో
గుసగుసలాడుకున్నట్టు.
సొరకాయ ముక్కలేసి మూత పెట్టాను.

మూడు నెలలుగా నోట్లో తుప్పు రుచి,
ఇనప మేకు చప్పరిస్తున్నట్టు.
ముద్ద పెట్టుకుంటే
మేకు కాస్త పక్కకి జరిగింది.

ఉప్పు లేదు. లేనట్టే ఉంది, అబద్ధం ఎందుకు?
ఎల్లుల్లి ఉప్పవుతుందా ఎక్కడైనా?
ఉప్పు పోయిన ఇంటికి
పరామర్శకొచ్చిన చుట్టంలా
పీట మీద కూర్చుని
దాని సంగతులు రెండు చెప్పి
లేచిపోయింది.

తెల్లారి షెడ్డుకెళ్తే
బాజీబీ కొత్త ఆవకాయ గిన్నె ముందుకు తోసింది,
"ఉప్పు చూడక్కా" అని.
నాలుకకి అంటించుకోలేదు.
మోచేతి దాకా చెయ్యి పెట్టి కలియబెట్టి
"ఇంకో గుప్పెడు" అన్నాను.
సరిపోయిందో లేదో నన్నడక్కు,
కొన్నవాళ్లు చెప్తారు.

చెయ్యి కడుక్కున్నాను.
కారం పోయింది, నూనె పోయింది,
ఎల్లుల్లి వాసన పోలేదు.
సబ్బు అక్కడే పెట్టేసి
బస్సెక్కాను.