ఎన్నిసార్లు తిప్పారు?

నెల్లూరు ఆటోనగర్‌లో, మా షెడ్డు వెనకగోడకి ఆనుకొని
పద్నాలుగు నెలలుగా నిలబడి ఉండాది
మాలకొండయ్య బండి.
ముందు చక్రాల్లేవు, ఇటుకల మీద ఉండాది.
నీళ్లు ఎందాకా ఎక్కినాయో
తలుపు మీది మట్టిగీత ఇప్పటికీ చూపిస్తాది.

పొదలకూరు మార్కెట్టుకి నిమ్మకాయల బస్తాలేసుకొని
తెల్లారుజామున మూడింటికి బయల్దేరినాడంట.
చేజర్ల దాటినాక చప్టా మీద వాగు.
మోకాటి లోతే అనుకున్నాడు.
బండి ఒరిగింది, బస్తాలు పిగిలినాయి.
"హెడ్‌లైటు ఆరిపొయ్యేదాకా కాయలు పోతానే ఉండాయన్నా,
లెక్కబెడదామని కూడా చూసినా" అని నవ్వుతాడు.

ఆయన నవ్వేది ఆ ఒక్క మాటకే.

సర్వేయరు ఇస్త్రీచొక్కాతో వచ్చినాడు.
బంపరు రాసుకున్నాడు, రేడియేటరు రాసుకున్నాడు.
సీటు కవర్లు రాసుకొని, మళ్లీ ఆయనే కొట్టేసినాడు.
ఇంజను విప్పించి
వంగిన కనెక్టింగ్ రాడ్డుని వెలుతురుకి ఎత్తి పట్టుకొని
మెల్లిగా అడిగినాడు, చుట్టం అడిగినట్టు:
"నీళ్లలో ఉన్నప్పుడు తాళం ఏమన్నా తిప్పారా?
ఎన్నిసార్లు తిప్పారు?"
"ఒకసారి తిప్పినా సార్. బతికుండాదేమోనని."

ఆ ఒకసారికి
రెండు లక్షల పదిహేడు వేలు.

రిజిస్టరు ఉత్తరం ఇంగ్లీషులో వచ్చింది.
టైర్ల సులేమాను కూతురు చదివి చెప్పింది,
వాగు చేసింది వాళ్ల లెక్కంట,
తాళం చేసింది మన లెక్కంట.
"తిప్పలేదని ఒక్క ముక్క అనుంటే పొయ్యేదిగా!"
షెడ్డులో అందరూ అన్నారు.
నేనూ అన్నా.
అందరికంటే గట్టిగా అన్నా.

బండిని క్రేను దించిపోయిన రోజు
మాలకొండయ్య టీ తాగడానికి పోయినాడు.
పిలకాయలు అన్నాలకి పోయినారు.
నీళ్లు తాగిన ఇంజనుని ముందు విప్పాలి,
తిప్పకూడదు,
ఇరవై ఆరేళ్లుగా అందరికీ నేను చెప్పే మాట.
ఎక్కి కూర్చున్నా.
తాళం దానికే ఉండాది.
చెయ్యి ఊరుకోలేదు.

లోపల టక్కుమన్నది.

రాడ్డు వంగింది వాగులోనా, నా షెడ్డులోనా?
ఇనుముకి తెలుసేమో.
నేను చెప్తే బిల్లు ఆ పక్క నించి ఈ పక్కకి మళ్లుతాదని
ఆ పూటే లెక్కేసుకున్నా.
లెక్కలు నాకు తొందరగా వస్తాయి.

వాయిదా రోజు బస్సు దిగి నేరుగా ఇక్కడికే వస్తాడు.
స్టీరింగు మీద దుమ్ము తువ్వాలతో తుడుస్తాడు.
ఇప్పుడు ఎవురిదో ట్రాక్టరు తోలతా ఉండాడు,
కదలని బండికి కిస్తీ మాత్రం
నెలనెలా కదులుతా ఉండాది.
"జాగాకి అద్దె ఎంతియ్యాల మస్తానన్నా?"
"వద్దులే."
రెండు చేతులెత్తి దండం పెడతాడు.
అప్పుడు నేను స్పానర్ల డబ్బాలోకి వంగి
పన్నెండో నంబరు వెతుకుతా ఉంటా.
పన్నెండో నంబరు నా జేబులోనే ఉంటాది.

వచ్చే మంగళవారం వినియోగదారుల కోర్టులో నా సాక్ష్యం.
అడిగినదానికే చెప్పమన్నాడు లాయరు.
రాడ్డు వంగిందా అని అడుగుతారు.
వంగింది సార్, అంటా.
ఎన్నిసార్లు తిప్పారనేది
నన్ను అడిగే ప్రశ్న కాదు.

రాత్రి షెడ్డు మూసేముందు బండెక్కి కూర్చున్నా.
డాష్‌బోర్డు మూలలో ఒక నిమ్మకాయ.
వాగు దాటొచ్చింది అదొక్కటే,
ఎండి, నల్లబడి, గోలీ మాదిరి గట్టిపడింది.
చెవి దగ్గర పెట్టుకొని ఊపితే
లోపల గింజలు
టక్
టక్
మంటా ఉండాయి.