అదనపు అక్షరం

ఎద్వీజె సంచీ ఇచ్చి వెళ్ళేసరికి
త్రియెస్తెలో బోరా గాలి మొదలైంది.
ఎవరిదో గొడుగు
ఎవరూ లేకుండానే మెట్లు దిగిపోయింది.

"మా అమ్మది. పారిస్‌ది. అసలుది."
మూడే మాటలు.
మూడోదాన్ని కొంచెం గట్టిగా అంది.

వంటింటి బల్ల మీద పాత దుప్పటి పరిచాను.
తలకిందులు చేసి అడుగున తట్టి
ఏం రాలుతుందో ముందు వినాలి.
ఒక జడపిన్ను.
బెల్లంలా కరిగి అతుక్కున్న రెండు పిప్పరమెంట్లు.
ఒపిచీనా ట్రాము టికెట్టు.
చేప పొలుసొకటి, ఇన్నేళ్ళకీ మెరుస్తూ.

నెరీనాకు చేపల బజార్లో కొట్టుండేది.
వారమంతా రబ్బరు తొడుగులు,
ఆదివారం ఈ సంచీ.

లోపలి అస్తరు జిగురై వేళ్ళకంటుకుంది.
పైన పటారం, లోన లొటారం.
ఆ కాలపు సంచీలన్నిటికీ ఇదే జబ్బు.
గీకాను. వంటసోడా మూటకట్టి లోపల పెట్టి
మూడు రాత్రులు మూసేశాను.
నాలుగో పొద్దున మూత తీసి చూస్తే
సముద్రం సగమే వెళ్ళింది.

జీను సబ్బు, గట్టిగా పిండిన గుడ్డ,
పసిపిల్ల వీపు రుద్దినట్టు గుండ్రంగా గుండ్రంగా.
తోలు తాగుతుంది. తాగి నల్లబడుతుంది.
భయపడకూడదు, ఆరాక తేరుకుంటుంది.
హీటరు దగ్గర మాత్రం పెట్టకూడదు.
ఆ తొందరలో ఒకావిడ మొసలితోలును
నేను అప్పడం చేశాను, పదేళ్ళ కిందట.
ఇప్పటికీ ఆ వీధిన నడవను.

జిప్పుకు కొవ్వొత్తి ముక్క.
ఇత్తడికి అరిగిన టూత్‌బ్రష్.
అలా రేకు మీది పేరు దాకా వచ్చాను.

పేరు చివర చిన్న మరక, పాత బంగారు రంగులో.
చిలుమేమో అనుకుని
స్పిరిట్టులో దూదిపుల్ల ముంచి తుడిచాను.
దూదికి గోళ్ళరంగు అంటింది.
మరక కింద ఒక అక్షరం బయటపడింది,
ఆ పేరులో ఏ పారిస్ వాడూ రాయని అక్షరం.

పొంతెరోస్సో అంగళ్ళు నాకు తెలుసు.
పదిహేడో ఏట సరిహద్దు దాటి వచ్చి
జీన్స్ మీద జీన్స్ తొడుక్కుని
కొయ్యబొమ్మలా తిరిగెళ్ళినదాన్ని.
అక్కడ ఏ పేరైనా దొరికేది,
ఒక అక్షరం అటూ ఇటూగా.

అయితే ఆమెకు తెలుసు.
ఏ రాత్రో పిల్ల నిద్రపోయాక
కళ్ళద్దాలు సర్దుకుని
చేపలు కోసే చెయ్యి వణక్కుండా
ఒక్క చుక్క.
దాని మీద ముప్పై ఏళ్ళ ఆదివారాలు నడిచాయి.

కుట్లు మళ్ళీ చూశాను.
అంగుళానికి తొమ్మిది. ఒక్కటీ జారలేదు.
దొంగ సంచీ కుట్టినవాడెవడో గానీ
పని దొంగ మాత్రం కాడు.

ఎద్వీజె ఫోన్ చేసింది. "అయిపోయిందా?"
"ఇంకొక్క రోజు," అన్నాను.

సంచీ చంకన పెట్టుకుని షాపుకెళ్ళి
గోళ్ళరంగుల వరుస ముందు నిలబడితే
కౌంటరు పిల్ల నా చేతుల వైపు చూసింది,
సోడాకు పగిలి, గోళ్ళు కురచగా కత్తిరించుకున్న చేతులు.
"పెళ్ళికా?" అంది.
మూడు సీసాలు తిప్పి చూసి
నాలుగోది తెచ్చాను.

కిటికీలు బిగించినా బల్ల అదురుతోంది.
కుంచె కొసన బొట్టు నిలిచి ఉంది.
మణికట్టు అంచుకు ఆనించి
గాలి ఒక్క క్షణం ఆగడం కోసం
కూర్చున్నాను.