ఏడాది సెలవు

దొర పేరు నా నోట ఎప్పుడూ సరిగా తిరగలేదు.
కచేరీ బంట్రోతులు వెదురుబీ దొర అన్నారు,
నేనూ అదే అన్నాను, ఆయన పలికాడు.
చిత్తూరికి సబ్‌కలెక్టరు. నాకు శిష్యుడు.
నెలకు పన్నెండు రూపాయలకు
ఆయన చేత గుణింతాలు దిద్దించినవాణ్ణి,
మున్షీ సింగరాచారిని.

దొరసానిని తీసుకుపోయిన జ్వరమే
వారం తిరక్కముందు పూతలపట్టులో
మా నాంచారు మొగుణ్ణీ తీసుకుపోయింది.
జ్వరానికి తెలుపూ నలుపూ తెలియదు.
తరవాత జరిగేవాటికి తెలుసు.

దొరకు ఏడాది సెలవు మంజూరైంది, సగం జీతంతో.
మనసు చెదిరింది, ఒళ్ళు చితికింది, సముద్రపు గాలి కావాలి
అని డాక్టరు రాసిచ్చాడు.
మా చెల్లెలికి ఏడాది మూల మంజూరైంది.
దానికి ఎవరూ కాగితం రాయలేదు.
ధాన్యపు కొట్టు పక్కన చీకటి గది,
చాప నేనే పరిచాను.

దొర ఉత్తరాలు తెలుగులోనే వచ్చేవి.
తన భాషలో రాస్తే ఏడుపొస్తుందట,
మన భాషలో అయితే
వత్తు ఎక్కడ పెట్టాలా అని వెతుక్కోవడంలో
కొంత పొద్దు పోతుందట.

ఏడెన్ నుంచి ఒకటి: నీళ్ళు తప్ప ఏమీ లేదు, మున్షీ.
మాల్టా నుంచి ఒకటి: నారింజపండు తిన్నాను. తియ్యగా ఉంది.
తియ్యగా ఉన్నందుకు సిగ్గేసింది.
తరవాత ఏదో కొండల ఊరు, పేరు తపాలా ముద్రలో అలికిపోయింది.
అక్కడ చప్పుడు లేకుండా మంచు పడుతుందట.
ఏకిన దూది అని రాసి కొట్టేసి,
ముగ్గుపిండి అని రాసి అదీ కొట్టేసి,
మీరు చూడాలి, అని వదిలేశాడు.
ఒక ముసలామె రోజూ మేకపాలు పోస్తోందట.
దగ్గు తగ్గిందట.

ఒకసారి అడిగాడు:
పెళ్ళాం పోయిన మగవాణ్ణి మీలో ఏమంటారు?
నిఘంటువు తీశాను. విధురుడు అని ఉంది.
చిత్తూరు బజారులో ఆ మాట అన్నవాణ్ణి
నేనింతవరకు చూడలేదు.
రెండో మాట, ఆడదానికి వాడేది,
చింతపండు బేరం తెగకపోయినా వినిపిస్తుంది.
ఏమీ అనరు దొరా, అని జవాబు రాశాను.

చలికాలపు ఉత్తరం అడుగున ఒక వాక్యం ఉంది:
నా భార్య చిత్తూరులో ఉండాది.
ఎర్రసిరా కలం తీశాను.
ఉండాది అనేది గుర్రాల సైసు దగ్గర పట్టిన మాట,
ఉన్నది అనాలని నూరుసార్లు చెప్పాను.
పైగా కాలం తప్పు.
రెండు తప్పులకూ కలిపి ఒకే గీత గీయబోతే
ఒక చెయ్యి వచ్చి కాగితం మీద పడింది.
గాజులు లేవు గనక అలికిడి కాలేదు.

నా శిష్యులకు చెప్పిన పాఠాలన్నీ
గోడ అవతల అది నేర్చుకుందని
అప్పుడు తెలిసింది నాకు.
"దిద్దొద్దు అన్నా," అంది. "సరిగ్గానే రాసినాడు.
ఉండాది."
నిబ్బు మీద సిరా ఆరిపోయింది.

ఆషాఢంలో దొర తిరిగొచ్చాడు.
బుగ్గలు నిండాయి, కోటు గుండీలు బిగుతయ్యాయి.
మొదటి పాఠానికి కూర్చుంటూనే
"నా భార్యకు ఈ వసారా ఇష్టంగా ఉండేది," అన్నాడు.
క్రియ సరిపోయింది. కాలం సరిపోయింది.
భేష్ అనడానికి నోరు రాలేదు.
"మీ ఇంట అందరూ క్షేమమా?"
క్షేమం అన్నాను.

నాంచారు ఏడాదీ ఆ నెలలోనే నిండింది.
చాప మాత్రం ఎత్తలేదు ఎవరమూ.
రాత్రి నా విస్తరి ముందు దూరంగా కూర్చుని
దొర దగ్గు సంగతి అడిగింది.
మేకపాల ముసలామె బతికే ఉందా అని అడిగింది.
చాలాసేపు ఆగి,
"ఓడలో గదులకు కిటికీలు ఉంటాయా అన్నా?" అంది.

తెలీదమ్మా, దొరను అడిగి చెబుతానన్నాను.
ఇప్పటికి మూడు పాఠాలు అయ్యాయి.
అడగలేదు.