గోడకు చెవి

ఈ ఆదివారమూ పడవ నడవలేదు.
పాస్టరు అవతలి ఒడ్డునే ఆగిపోయాడు.
నోల్సోయ్ చర్చిలో హోగ్ని పాత పుస్తకం తీసి
ప్రసంగం చదివాడు,
కళ్లద్దాలు తుడుచుకుని
చదివిన పేజీయే మళ్లీ చదివాడు.
ఎవరమూ చెప్పలేదు.

నాకు ప్రార్థన రాదు.
అన్నను సముద్రం తీసుకున్నాక
నోరు పెగల్లేదు.

జూలై రాత్రి, చీకటి అనిపించుకోలేని చీకటి.
దొడ్డిగోడ కూలిన చోట రాళ్లు పేరుస్తుంటే
లోపల ఎవరో గుర్రుమన్నారు.
రాట్నం తిరిగినట్టు,
మధ్యలో ఒక ఎక్కిలి.

తుఫాను పిట్ట!
పిడికెడు ప్రాణం.
ఏడాదంతా అలల మీదే ఉండి
ఒక్క గుడ్డు కోసం
మా రాళ్ల సందులోకి వస్తుంది,
పగటికి తెలియకుండా.

చేతిలో రాయి దించి
చెవి ఆనించాను.
చెంపకు నాచు తడి. చేపనూనె కంపు.
వెచ్చగా ఉందో, నేనే అనుకున్నానో.

అన్నను మింగిన ఆ నీళ్ల మీదే
కాళ్లు ఆనించి నడుస్తుందట ఇది.
క్షమించానని అనను.
ఊరికే, "ఉన్నావా?" అన్నాను.

రాయి కాసేపు ఊరుకుంది.
మళ్లీ రాట్నం.

ఆ సందు పూడ్చలేదు.
పొద్దున అందులోంచి గొర్రె ఒకటి దూకిపోతే
హోగ్ని కొండంతా తిట్టుకుంటూ తిరిగాడు.
తిట్టనీ.